డ్రైవరన్నకు డాక్టరు దొరికే వేళేది?

మీరు బి.కొత్తకోటలోనో, మదనపల్లెలోనో, పుంగనూరు, కుప్పంలోనో ఉంటే మీ వీధిలో ఒక లారీ డ్రైవరు ఉండే ఉంటాడు. వీధిలో లేకపోతే బంధువుల్లో ఉంటాడు. మీ పిల్లల స్కూలు బస్సు నడిపే పెద్దమనిషి కూడా పదేళ్లపాటు ఢిల్లీ లైన్ నడిపి, నడుము పట్టేసి, ఇక చాలనుకుని వచ్చినవాడే కావచ్చు. మీ ఇంటి సిమెంటు, మీ వంటింట్లోని ఉల్లిగడ్డ, మీ అన్నదమ్ములు పండించిన టమాటా, అన్నీ అతని చేతిమీదుగా వచ్చీపోయేవే. ఇంత దగ్గరి మనిషికి ఒంట్లో నలతగా ఉంటే ఎక్కడికి పోతాడు? అది నలుగురిలో చెప్పుకోలేని చోట వచ్చిన నలతైతే ఏం చేస్తాడు? ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం.

ఇంటిల్లిపాదీ చదివే పేజీలో ఇదేం విషయమని మీకు అనిపించవచ్చు. ఇంటిల్లిపాదీ చదువుతారు కాబట్టే ఇక్కడ రాస్తున్నాం. సుఖవ్యాధి ఒక మనిషి దగ్గర మొదలైనా, ఒక మనిషి దగ్గరే ఆగిపోయేది కాదు.

మదనపల్లె మార్కెట్ యార్డులో సీజన్ రోజు ఒకటి తీసుకోండి. పొద్దున వేలం. తర్వాత గ్రేడింగు, క్రేట్లకెత్తడం, లోడింగు. బండి కదిలేసరికి పొద్దు వాలుతుంది. కదిరి, అనంతపురం మీదుగా హైదరాబాదు రోడ్డెక్కి, నాగపూర్ దాటి, ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీ చేరాలంటే 2,000 కిలోమీటర్లకు పైనే. మధ్యలో టమాటా ఎవరికోసమూ ఆగదు. ఒక పూట ఆలస్యమైతే కాయ మెత్తబడుతుంది, రేటు పడిపోతుంది, కిరాయిలో కోత పెడతారు. 2023 జులైలో ఇక్కడ కిలో ధర 200 రూపాయల దరిదాపులకు పోయింది గుర్తుందా? ఆ రోజుల్లో 10 టన్నుల లోడంటే దాదాపు 20 లక్షల రూపాయలు. అంత సరుకు వెనకాల పెట్టుకుని నడిపే మనిషి తన ఒంటి గురించి ఆలోచించే వీలెక్కడ?

ఆ మనిషికి అనంతపురం దాటాక మూత్రంలో మంట, చీము లాంటి స్రావం మొదలయ్యాయనుకోండి. ఎక్కడ ఆపుతాడు? ప్రభుత్వ ఆస్పత్రి ఊరి నడిమధ్యన ఉంటుంది. ఓపీ పొద్దున మొదలై మధ్యాహ్నానికి పలచబడుతుంది. చాలా ఊళ్లలో పగటిపూట భారీ వాహనాలను లోపలికి రానివ్వరు. బైపాస్ మీద బండి నిలిపి ఆటో ఎక్కి పోదామంటే సరుకు ఎవరు చూస్తారు, డీజిలు ఎవరు కాపలా కాస్తారు? క్లీనరు కూడా లేకుండా ఒక్కడే నడుపుకొచ్చే బండ్లు ఇప్పుడు తక్కువేం కాదు. ఆస్పత్రికి పోయినా చీటీ రాయించుకునే చోట క్యూలో అందరి ముందూ ‘ఏం జబ్బు?’ అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడే సగంమంది వెనక్కి తిరుగుతారు.

2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అని చెప్పేది. ఆ మాట ఏ దాబాలోనైనా మంచం మీద కూర్చుని చదివి వినిపించండి, టీ తాగేవాళ్లంతా నవ్వుతారు.

అందుకే అతను పోయేది రోడ్డు పక్క మందుల షాపుకి. ‘అన్నా, వేడి చేసింది, ఏదన్నా మాత్ర ఇయ్యన్నా’ అంటాడు. షాపాయన కూడా ఇంకేం అడగడు.

ఈ ‘వేడి’ అనే మాట దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే సగం చిక్కు ఇక్కడే ఉంది. క్యాబిన్‌లో ఇంజిను పక్కనే గంటలకొద్దీ కూర్చునే మనిషికి ఒంట్లో వేడి పుడుతుందనీ, ఆ వేడే మూత్రంలో మంటగా, స్రావంగా బయటికొస్తుందనీ రోడ్డు మీద గట్టి నమ్మకం. ఇంకొందరైతే ఆ వేడి తగ్గాలంటే ఆడతోడు ఉండాలని కూడా చెబుతారు. జబ్బుకు కారణమయ్యేదాన్నే మందుగా చెప్పే నమ్మకమిది. మంట తగ్గడానికి కొబ్బరి బోండం తాగుతారు, సబ్జా గింజలు నానబెట్టుకుంటారు, మజ్జిగ తాగుతారు. ఇవేవీ చెడ్డవి కావు. చిత్రమేమిటంటే కొన్నిసార్లు వీటితోనే తగ్గిపోతుంది కూడా. దారిలో మూత్రానికి ఆపాల్సి వస్తుందని నీళ్లు తాగకుండా, వచ్చినా గంటలకొద్దీ బిగబట్టుకుని నడిపేవారికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్లు రావడం మామూలే. అంటే మంట ఉన్న ప్రతి మనిషికీ సుఖవ్యాధి ఉన్నట్టు కాదు. ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరు. సిగ్గుపడి డాక్టరు దగ్గరికి పోకపోతే మామూలు కిడ్నీ రాయి కూడా ముదురుతుంది.

సుఖవ్యాధే అయితే? మన పెద్దలు సెగరోగం అనేవారే, ఆ గనేరియా మగవారిలో సాధారణంగా కొద్ది రోజుల్లోనే మంట, చీముగా బయటపడుతుంది. పాతకాలపు అలవాటుకొద్దీ షాపుల్లో ఇచ్చే సిప్రోఫ్లాక్ససిన్ లాంటి మాత్రలకు ఈ క్రిమి చాలావరకు లొంగడం మానేసింది. రెండు మాత్రలకు మంట కాస్త తగ్గవచ్చు, క్రిమి మాత్రం ఉండిపోతుంది. సవాయి అని పిలిచిన సిఫిలిస్ ఇంకా జిత్తులమారిది. సోకిన సుమారు మూడు వారాలకు నొప్పి లేని పుండు ఒకటి వస్తుంది. మందేమీ వేయకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. మనిషి ‘హమ్మయ్య, తగ్గింది’ అనుకుంటాడు. అది తగ్గడం కాదు, రక్తంలోకి పోవడం. ఏళ్ల తర్వాత గుండె మీదికి, మెదడు మీదికి రాగలదు. ఈలోపు భార్య గర్భవతి అయితే బిడ్డకూ ప్రమాదమే. కడుపులోనే చనిపోవచ్చు, లోపాలతో పుట్టవచ్చు.

ఇంత భయపెట్టే జబ్బులకు మందు ఏమంత పెద్దది కాదు. ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో సుఖవ్యాధులకు రంగు రంగుల కిట్లు ఉంటాయి. స్రావానికి ఒక రంగు, పుండుకు ఒక రంగు, నీటి పొక్కులకు ఇంకో రంగు, ఇలా మొత్తం ఏడు. ల్యాబు రిపోర్టుకోసం రోజులు తిరగకుండా లక్షణాన్ని బట్టి అక్కడికక్కడే, ఉచితంగా మందు మొదలుపెట్టడం దీని ఉద్దేశం. స్రావం కిట్టులోని మాత్రలు ఒకే విడతలో మింగేవి. తొలిదశ సిఫిలిస్‌కు ఒక విడత పెన్సిలిన్ ఇంజెక్షన్ సరిపోతుంది. మళ్లీ రమ్మని, పది రోజులు వాడమని చెప్పాల్సిన పని చాలాసార్లు ఉండదు. రోడ్డు మీద బతికే మనిషి కోసమే కనిపెట్టినట్టున్న వైద్యం ఇది. అది ఉన్న చోటుకు, ఉన్న వేళకు మాత్రం ఆ మనిషి చేరలేడు. చేరినా ఒక షరతు ఉంది: ఇంట్లో ఉన్న భాగస్వామికి కూడా అదే వేళకు మందు పడాలి. లేకపోతే అతనికి తగ్గిన జబ్బు ఆమె దగ్గర్నుంచి మళ్లీ అతనికే వస్తుంది.

డాక్టరు దొరకని ఈ ఖాళీలోకి దూరేవాళ్లు వేరే ఉన్నారు. హైవే పక్కన గుడారాలు వేసుకుని, గోడల మీద ‘గుప్తరోగాలకు గ్యారంటీ’ అని రాసుకునేవాళ్లు. లేబుల్ లేని పొడి, పేరు లేని లేహ్యం, వెయ్యి నుంచి ఐదువేల దాకా బిల్లు. వీళ్ల దగ్గరికి పోయేవారిలో చాలామందిది అసలు ఇన్‌ఫెక్షనే కాదు, పటుత్వం తగ్గిందన్న బెంగ. నలభై దాటిన మనిషి, రోజంతా కూర్చుని చేసే పని, బీడీ, ఖైనీ, వేళాపాళా లేని తిండి. ఇలాంటి మనిషికి అంగస్తంభన సమస్య వచ్చిందంటే ముందు చూడాల్సింది షుగరు, బీపీ. గుండె రక్తనాళాల్లో అడ్డంకులకు ఇది ముందస్తు సూచన కూడా కావచ్చు. అది చెప్పే మనిషి గుడారంలో ఉండడు. పౌరుషం పోయిందని బెదిరించి పొడి అమ్మేవాడు ఉంటాడు. లైంగిక ఆరోగ్యం అనగానే మనం హెచ్‌ఐవీ దగ్గరికి పరిగెడతాం. డ్రైవరును ఎక్కువగా వేధించేది చాలాసార్లు ఇలాంటి చిన్నచిన్న దిగుళ్లే.

హెచ్‌ఐవీ సంగతికీ వద్దాం. ఇరవై ఏళ్లు వెనక్కి పోయి గుర్తు తెచ్చుకోండి. ఊరూరా హోర్డింగుల మీద ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న ప్రశ్న. పులిరాజా ఎవరని రాష్ట్రమంతా కొన్నాళ్లు తలలు బద్దలు కొట్టుకుంది. దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ప్రచారం వల్ల ఎయిడ్స్ అనే మాట ఇంట్లోకి వచ్చింది, కండోమ్ అనే మాట పత్రికల్లోకి వచ్చింది. దాంతోపాటే లారీ డ్రైవరు మీద ఒక ముద్ర కూడా పడింది. పిల్లనిచ్చేటప్పుడు ‘లారీ డ్రైవరా?’ అని ఒక క్షణం ఆగే అలవాటు మనకు అప్పుడే వచ్చిందేమో.

ఆ ముద్ర ఎంత న్యాయమో లెక్కల్లో చూడండి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2017లో చేసిన నిఘా సర్వేలో దూరప్రాంత లారీ డ్రైవర్లలో హెచ్‌ఐవీ 0.86 శాతం. అంటే 1,000 మందిలో 9 మంది. తక్కిన 991 మందికి లేదు. అదే సంస్థ 2021 అంచనాల ప్రకారం దేశంలోని పెద్దవారిలో 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. సంవత్సరాలు వేరు, లెక్కకట్టే పద్ధతి వేరు కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచకూడదు. అయినా ఒకటి మాత్రం తెలుస్తోంది: మన రాష్ట్రంలో ఇది డ్రైవర్ల జబ్బు కాదు. మీ ఆఫీసు మనిషికీ, మీ షాపు ఓనరుకూ కూడా పరీక్ష చేయించుకోవాల్సిన కారణాలు ఉండవచ్చు. వాళ్లకు డాక్టరు ఇంటి పక్కనే ఉంటాడు, అంతే తేడా.

ఆరోగ్య శాఖ కాగితాల్లో డ్రైవర్లను ‘వారధి జనాభా’ అంటారు. అంటే ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు జబ్బును దాటించే వంతెన అని. మాట శాస్త్రీయమే కావచ్చు, మాకు మాత్రం నచ్చదు. వంతెన మీద నడిచేవాళ్ల గురించి అందరూ ఆలోచిస్తారు, వంతెన గురించి ఎవరూ ఆలోచించరు. అతని నుంచి ఎవరికి సోకుతుందోనన్న బెంగే తప్ప అతనికి సోకిందే, ఎలా ఉన్నాడో అన్న ఆరా ఆ మాటలో లేదు.

ఆ ఆరా తీసిన ప్రయత్నాలు లేకపోలేదు. 2003లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో మొదలైన ‘ఆవాహన్’ కార్యక్రమంలో భాగంగా ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఫౌండేషన్ ‘కవచ్’ పేరుతో డ్రైవర్ల కోసం ఒక ప్రాజెక్టు నడిపింది. లారీలు గుంపుగా ఆగే ట్రాన్స్‌పోర్ట్ నగర్‌లలో క్లినిక్‌లు పెట్టారు. వాటికి ఎయిడ్స్ క్లినిక్ అని పేరు పెట్టలేదు. ‘ఖుషీ’ క్లినిక్ అన్నారు. బోర్డు మీద ఆ మాట లేకపోవడంలోనే తెలివంతా ఉంది. జ్వరమొచ్చినా, కళ్లు మసకబారినా, నడుము నొప్పెట్టినా లోపలికి పోవచ్చు. తలుపు మూశాక అసలు సంగతి చెప్పుకోవచ్చు. బయట నిలబడ్డ తోటి డ్రైవరుకు మనవాడు దేనికి పోయాడో తెలియదు. తర్వాత ఆవాహన్ పనులు క్రమంగా ప్రభుత్వ చేతికి వచ్చాయి. అయితే ఇలాంటివన్నీ పెద్ద పెద్ద లారీ నగరాలను చూసుకుని పెట్టినవి. అంగళ్లు, ములకలచెరువు, గుర్రంకొండ లాంటి చిన్న టమాటా మార్కెట్ల దగ్గర నాలుగైదు గంటలు ఆగి లోడెత్తుకుని పోయే మనిషి లెక్కలోకి ఎక్కడొస్తాడు?

మన ప్రాంతం సంగతి ఇంకా ప్రత్యేకం. అనంతపురం నుంచి కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరి పోయే 42వ నంబరు జాతీయ రహదారి మూడు రాష్ట్రాల మనుషులను కలిపే దారి. కుప్పం బజారులో నిలబడితే తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే నోట వినొచ్చు. లారీకి సరిహద్దు ఒక బోర్డు మాత్రమే. రోగి కాగితాలకు అలా కాదు. హెచ్‌ఐవీ మందులు వాడే డ్రైవరు పేరు ఒక ఏఆర్‌టీ కేంద్రంలో రిజిస్టరై ఉంటుంది. మాత్రలు అయిపోయే రోజుకు అతను అక్కడ ఉండకపోతే? దీనికి నిబంధనల్లో దారి ఉంది, చాలామంది రోగులకే తెలియదు. ప్రయాణంలో ఉన్న రోగి తన చికిత్స పుస్తకం చూపిస్తే దారిలోని వేరే ఏఆర్‌టీ కేంద్రంలోనూ తాత్కాలికంగా మందులు తీసుకోవచ్చు. నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మందులు ఒకేసారి ఇచ్చే పద్ధతీ ఉంది. 2004 ఏప్రిల్ నుంచి ఈ మందులు ఉచితం. ఇప్పుడు ఎక్కువమందికి రోజుకు ఒకే ఒక్క మాత్ర. దాన్ని మానకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకని స్థాయికి తగ్గిపోతే, లైంగికంగా భార్యకు సోకదు. ఇది ఆశ కోసం చెప్పే మాట కాదు, ఏళ్ల పరిశోధనలో తేలినది. అయితే ‘మానకుండా’ అన్న ఒక్క పదం మీదే అంతా ఆధారపడి ఉంది. లారీ జీవితంలో నిలుపుకోవడం కష్టమయ్యేది కూడా అదే.

ఇక ఇంట్లో మిగిలిన మనిషి దగ్గరికి రండి. పదిహేను రోజులకు ఒకసారి వచ్చే భర్త. అతనికేదో ఉందని ఆమెకు ఎవరూ చెప్పరు. గనేరియా, క్లమిడియా లాంటివి ఆడవారిలో చాలాసార్లు ఏ లక్షణమూ చూపించవు. పొత్తికడుపులో నొప్పి, తెల్లబట్ట అనుకుని ఊరుకుంటుంది. గర్భనాళాలు దెబ్బతిని పిల్లలు పుట్టకపోతే గొడ్రాలన్న మాట మళ్లీ ఆమెకే. గర్భం వస్తే ఆస్పత్రిలో మొదటి నెలల్లోనే హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. చాలా ఇళ్లలో జబ్బు మొట్టమొదట బయటపడేది అలాగే, ఆమె రక్తంలో. అప్పుడు అత్తింట్లో వచ్చే మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. ‘నీకెక్కణ్ణుంచి వచ్చిందమ్మా?’ ముందు ఎవరి రక్తంలో కనిపించిందన్నది ముందు ఎవరికి సోకిందో చెప్పదు. ఇది ప్రతి అత్తగారికీ, ప్రతి ఆడబిడ్డకూ తెలిసి ఉండాల్సిన విషయం.

ఆ పరీక్ష మంచికే. తల్లి మందులు వాడి, పుట్టిన బిడ్డకూ వారాలపాటు మందు పోస్తే బిడ్డకు సోకే అవకాశం 5 శాతం లోపుకు పడిపోతుంది. మందే లేకపోతే మూడోవంతు దాకా ఉండేది. కాబట్టి కోడలి రిపోర్టు చూసి పుట్టింటికి పంపేసే కుటుంబం తమ మనవడికి అందాల్సిన మందును తామే దూరం చేస్తోంది.

ఈ విషయంలో చట్టమూ ఉంది. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. అతని ఫలితాన్ని అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. పరీక్ష చేయించుకుని వస్తేనే పని ఇస్తాననడం, ఉందని తెలిసి పనిలోంచి తీసేయడం నేరుగా చట్ట విరుద్ధం. ఫిర్యాదులు వినడానికి అధికారిని పెట్టాల్సింది మాత్రం వంద మంది, అంతకు మించి ఉన్న సంస్థల్లో. మన దగ్గర లారీలు అలాంటి కంపెనీల చేతుల్లో లేవు. ఒక్కో ఓనరుకు రెండు బండ్లు, మూడు బండ్లు. చాలామంది ఓనర్లే డ్రైవర్లు, ఫైనాన్స్ వాయిదా కట్టుకుంటూ తమ బండి తామే నడుపుకుంటారు. వాళ్లు ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? నెల వాయిదా మీదా?

మరి ఏం చేయవచ్చు? మదనపల్లె యార్డు దగ్గరే జవాబు ఉందని మాకు అనిపిస్తోంది. డ్రైవరుకు దారిలో ఆగే వేళ లేదు, నిజమే. కానీ వేలం నుంచి లోడింగు దాకా ఖాళీగా కూర్చునే వేళ ఉంది. పొద్దున్నే వచ్చి బండి పెట్టి, స్నానం చేసి, టిఫిన్ తిని, నీడలో పడుకుంటాడు. ఆ నాలుగైదు గంటలు ఓపీ వేళలే. ఆస్పత్రిని అతని వేళకు మార్చాల్సిన పని కూడా లేదు, అతను ఉన్న చోటుకు ఒక గది వస్తే చాలు. సీజన్ నెలల్లో, అంటే ఎండాకాలం నుంచి వానాకాలం దాకా, యార్డు ఆవరణలో వారానికి మూడు పొద్దులు ఒక డాక్టరు, ఒక మగ కౌన్సెలరు. బీపీ, షుగరు, కళ్లు చూస్తామని బోర్డు. తలుపున్న లోపలి గది ఒకటి, ఆ తలుపు మూసుకోవడం ముఖ్యం. సురక్ష కిట్లు అక్కడే, హెచ్‌ఐవీ, సిఫిలిస్ వేలిపోటు పరీక్షలు అక్కడే. మార్కెట్ కమిటీకి గది ఇవ్వడం కష్టమేం కాదు. యార్డులో వ్యాపారం కోట్లలో సాగుతుంది, ఆ కోట్లను మోసుకుపోయేది ఈ బండ్లే.

బి.కొత్తకోట లాంటి చోట్ల వేరే పని ఉంది. ఇక్కడ డ్రైవరు ఆగేవాడు కాదు, ఉండేవాడు. ట్రిప్పు ముగించుకుని ఇంటికొచ్చి రెండు రోజులుంటాడు. పీహెచ్‌సీలో ఆ జబ్బు పేరు చెబితే తెలిసిన నర్సమ్మ ఉంటుంది, ఆమె తన పిన్ని ఊరి మనిషై ఉంటుంది. అందుకే పక్క ఊరికి పోతాడు, లేదా ఎక్కడికీ పోడు. ఇలాంటి వాళ్లకు 1097 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. పేరు చెప్పక్కర్లేదు, తెలిసిన గొంతు కాదు, దగ్గరలో పరీక్ష ఎక్కడ చేస్తారో చెబుతారు. ఆ నంబరు మనం ఎక్కడ చూస్తాం? ఆస్పత్రి గోడ మీద. ఆస్పత్రికి రానివాడి కోసం పెట్టిన నంబరు ఆస్పత్రి లోపల రాసి ఏం లాభం? పంక్చరు షాపులో, డీజిలు బంకు బాత్రూములో, ఆర్టీవో ఆఫీసు గోడ మీద ఉండాలి. ఆర్టీవో మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. రవాణా వాహనాల లైసెన్సు రెన్యువల్‌కు డ్రైవరు డాక్టరు సర్టిఫికెట్ తేవాలి. అన్నేళ్లకు ఒకసారైనా ప్రతి డ్రైవరూ తప్పనిసరిగా ఒక డాక్టరు ఎదురుగా కూర్చునే సందర్భం అదొక్కటే. చాలా చోట్ల అది ఒక సంతకం, ఒక ముద్ర, రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలను పది చేసి, ‘ఇంకేమైనా ఇబ్బంది ఉందా?’ అని అడిగితే చాలు. బలవంతపు పరీక్ష మాత్రం వద్దు. లైసెన్సుకూ హెచ్‌ఐవీ పరీక్షకూ ముడిపెడితే డ్రైవర్లు డాక్టరు వీధి వైపే చూడరు.

మదనపల్లెవాళ్లకు ఈ సంగతి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. ఊరి పొలిమేరలో ఆరోగ్యవరం ఉంది. 1915లో అక్కడ క్షయ శానిటోరియం తెరిచినప్పుడు టీబీ అంటే ఇవాళ హెచ్‌ఐవీ కంటే పెద్ద భయం. రోగిని ఊరికి దూరంగా, గాలి బాగున్న చోట, నెలల తరబడి ఉంచడమే వైద్యం. ఇంట్లో టీబీ ఉందంటే ఆడపిల్లకు సంబంధం వచ్చేది కాదు. తర్వాత మందులొచ్చాయి. 1950ల చివర్లో మద్రాసులో జరిగిన పరిశోధన, ఇంటి దగ్గరే ఉండి మందులు వాడిన రోగికి కూడా శానిటోరియంలో ఉన్న రోగిలాగే నయమవుతుందని తేల్చింది. రోగి ఆస్పత్రి దగ్గరికి పోవడం పోయి, మందు రోగి ఇంటికి రావడం మొదలైంది. భయం కూడా ఆ తర్వాతే మెల్లగా కరిగింది. ఇప్పుడు టీబీ తేలిన ప్రతి రోగికీ హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు, రెండూ తరచు జతగా వస్తాయి కాబట్టి. రెండు వారాలకు మించి దగ్గుతున్న డ్రైవరు దుమ్ము వల్లేనని సరిపెట్టుకుంటే ఆ రెండూ దొరక్కుండా పోతాయి.

మీ ఇంట్లో లారీ నడిపే మనిషి ఉంటే మీరు చేయగలిగినది కూడా ఉంది. అతను ఇంటికొచ్చినప్పుడు షుగరు, బీపీ, కళ్లతో పాటు అన్ని రక్తపరీక్షలూ చేయించుకునే అలవాటు పెట్టండి. భార్యాభర్తలిద్దరూ కలిసి పోతే ఎవరూ ఎవరినీ నిలదీసినట్టు ఉండదు. ‘ఏడాదికోసారి బండికి ఎఫ్‌సీ చేయిస్తావు కదా, నీకు వద్దా?’ అన్న మాట చాలా ఇళ్లలో పనిచేస్తుంది. హెపటైటిస్-బి టీకా వేయించండి, అది కూడా లైంగికంగా సోకే జబ్బే. ఇంట్లో తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలుంటే హెచ్‌పీవీ టీకా గురించి డాక్టరును అడగండి. ముప్పై దాటిన ఇల్లాలికి గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించండి. హెచ్‌ఐవీ పరీక్ష నిన్న జరిగినదాన్ని ఇవాళ చూపించదు, తొలి పరీక్షలో లేదని వచ్చినా మూడు నెలలకు మరోసారి చేయించుకోవాలి. కండోమ్ చిరిగిందనో, ఇంకేదో జరిగిందనో భయం ఉంటే 72 గంటల్లోపు ఏఆర్‌టీ కేంద్రానికి పోవాలి. 28 రోజుల మందుతో చాలావరకు ఆపవచ్చు. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది, మూడో రోజు దాకా చూడకూడదు. పెళ్లి కాని క్లీనరు కుర్రాడికి ఈ సంగతులు ఎవరూ చెప్పరు. సీనియర్ డ్రైవరు చెప్పే ‘వేడి’ శాస్త్రమే అతనికి పాఠం. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో దారిలో పెద్దవాళ్లు తనను వాడుకున్నా ఎవరికీ చెప్పుకోలేడు. మీ ఇంటి పక్కన అలాంటి అబ్బాయి ఉంటే 1097 అతని ఫోనులో వేసి ఇవ్వండి. ఎందుకని అడిగితే ‘ఉంచుకో’ అనండి, చాలు.

ఈ సీజన్‌లో ఒక పొద్దున మదనపల్లె యార్డు వైపు పోయే పని పడితే గేటు బయట లోడు కోసం నిలిచిన లారీలను ఒకసారి లెక్కపెట్టి చూడండి. ముందు చక్రం నీడలో తువ్వాలు పరుచుకుని పడుకున్న ఆయన్ను పలకరించండి. చివరిసారి డాక్టరును ఎప్పుడు కలిశావన్నా అని అడగండి. ఆయన చెప్పిన జవాబు మాకు రాయండి. వచ్చిన జవాబులన్నీ మార్కెట్ కమిటీకీ, జిల్లా వైద్యాధికారికీ పంపిస్తాం.